క్రీడా సందేహాలు: ఓడిన చాంపియన్, గెలిచిన అయిదో జట్టు

ప్ర: మా అబ్బాయి ఇండియానాలో చదువుతున్నాడు. అక్కడి నోటర్ డేమ్ 1943లో అమెరికన్ ఫుట్‌బాల్ జాతీయ చాంపియన్ అట. కానీ ఆ ఏడు ఆఖరి ఆట ఓడిపోయింది. అదే రాష్ట్రంలోని పర్డ్యూ ఒక్క ఆటా ఓడలేదు. ఇదెక్కడి లెక్క? (తెనాలి)

జ: అప్పట్లో కాలేజీ ఫుట్‌బాల్‌కి ఫైనల్ అంటూ లేదు. అసోసియేటెడ్ ప్రెస్ పత్రికా విలేఖరుల ఓట్లు తీసుకుని వరస ప్రకటించేది. ఓటేసేవాళ్లు ఎన్ని గెలిచారన్నదే కాక, ఎవరి మీద గెలిచారన్నదీ చూశారు. ఆ ఏటి చివరి పట్టికలో రెండు, మూడు, నాలుగు స్థానాల్లో ఉన్న ఐయోవా ప్రీ-ఫ్లైట్ (నావికాదళ పైలట్ల బడి), మిషిగన్, నేవీ (నావికా అకాడమీ జట్టు) మూడింటినీ నోటర్ డేమ్ ఓడించింది. స్కోర్లు వరసగా 14-13, 35-12, 33-6. మొత్తం పది ఆటల్లో తొమ్మిది గెలిచింది. నవంబరు 27న షికాగోకు ఉత్తరాన ఉన్న గ్రేట్ లేక్స్ నావికా శిక్షణ కేంద్రం జట్టు చేతిలో మాత్రం 19-14తో ఓడింది. నిమిషం కూడా మిగలని సమయంలో స్టీవ్ లాక్ విసిరిన పొడవాటి పాసు కొంప ముంచింది. ఈ లాక్ అంతకు ముందే ప్రొఫెషనల్ లీగులో ఆడినవాడు, కాలేజీ కుర్రాడు కాదు. విలేఖరులు ఆ ఓటమిని పెద్దగా పట్టించుకోకపోవడానికి అదీ ఒక కారణం అనుకోవచ్చు. తొమ్మిదికి తొమ్మిదీ గెలిచిన పర్డ్యూ అయిదో స్థానంతో సరిపెట్టుకుంది. మా మటుకు మాకు ఆ వరస సబబుగానే కనిపిస్తుంది.

ప్ర: రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నిర్బంధ సైనిక సేవ వయసు 18కి దించాక కాలేజీల్లో ఆడటానికి కుర్రాళ్లు ఎక్కడ మిగిలారు? (హైదరాబాద్)

జ: 1943 సీజను మొత్తానికి తాళంచెవి ఈ ప్రశ్నే. వయసు దించింది 1942 నవంబరులో. మరుసటి ఏడు అలబామా, టెనెసీ లాంటి పెద్ద కాలేజీలు కూడా జట్టే దింపలేదు. మరికొన్ని కాలేజీలకు మాత్రం అడక్కుండానే మెరికలు వచ్చి పడ్డారు. తేడా అంతా అక్కడ శిక్షణ నడిపే దళంలో ఉంది.

నావికాదళం 1943 జులై 1న వి-12 అనే పథకం మొదలుపెట్టింది. కాబోయే అధికారులను 131 కాలేజీల్లో యూనిఫాం వేసి, జీతమిచ్చి చదివించింది. వీళ్లలో మెరైన్లూ ఉన్నారు. చదువుకి, శిక్షణకి అడ్డు రానంతవరకు కాలేజీ జట్టులో ఆడుకోవచ్చన్నారు. సైన్యం నడిపిన ఎ.ఎస్.టి.పి. పథకంలో దీనికి పూర్తి విరుద్ధం: కాలేజీల మధ్య పోటీల్లో దిగడానికి అనుమతి లేదు. పని భారం మధ్య ఆటకు తీరికెక్కడిదన్నది వాళ్ల వాదన. (వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ సంగతి వేరు, దాని జట్టు ఎప్పటిలాగే ఆడింది.)

ఎవరు ఏ కాలేజీకి వెళ్లాలో చెప్పింది దళమే. విస్కాన్సిన్‌లో 1942లో మెరిసిన ఎల్‌రాయ్ హర్ష్ మెరైన్‌గా మిషిగన్‌కు వెళ్లాడు. ఇలినాయ్ ఆటగాళ్లు టోనీ బట్కోవిచ్, అలెక్స్ అగసీ పర్డ్యూలో తేలారు. ఆ ఏడు పర్డ్యూ ఈ ఇద్దరి పాత కాలేజీ ఇలినాయ్‌నే 40-21తో ఓడించింది. హర్ష్‌ను పోగొట్టుకున్న విస్కాన్సిన్ నోటర్ డేమ్ చేతిలో 50-0తో చితికిపోయింది. కోచ్‌ల ప్రతిభ ఏమీ మారలేదు, మనుషుల జాబితా మారింది.

ప్ర: నోటర్ డేమ్ క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపే ఆటగాడు) ఏంజెలో బెర్టెల్లీ ఆరు ఆటలే ఆడి, ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచాడట. సీజను మధ్యలో ఎందుకు వెళ్లిపోయాడు? అతను పోయాక జట్టు ఎలా నిలబడింది? (విశాఖపట్నం)

జ: వి-12లో ఒక్కో టర్ము 16 వారాలు. జులై మొదట్లో మొదలైనది అక్టోబరు చివరికి పూర్తయింది. ఫుట్‌బాల్ సీజనేమో సెప్టెంబరు చివర్లో మొదలై నవంబరు దాకా సాగుతుంది. అంటే బదిలీ ఉత్తర్వులు సరిగ్గా సీజను నడుమ వచ్చి పడేవి. బెర్టెల్లీ అక్టోబరు 30న క్లీవ్‌లాండ్‌లో నేవీతో ఆడి, మెరైన్ల శిక్షణకు దక్షిణ కరొలైనాలోని పారిస్ ఐలాండ్ వెళ్లిపోయాడు. అప్పటికి 36 పాసులు విసిరితే 25 అందాయి, వాటిలో పది టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి గీత దాటించి కొట్టే స్కోరు). ట్రోఫీకి ఆ లెక్క చాలింది.

జట్టు కూలిపోకపోవడానికి కారణం కోచ్ ఫ్రాంక్ లేహీ 1942లోనే తెచ్చిన టి-ఫార్మేషన్ అనే ఆటగాళ్ల అమరిక అని మా అభిప్రాయం. పాత సింగిల్ వింగ్ పద్ధతిలో ముందు వరస నడుమ ఉండే సెంటర్ బంతిని కాళ్ల మధ్య నుంచి కొన్ని గజాల వెనక నిలబడ్డవాడికి విసిరేవాడు. టెయిల్‌బ్యాక్ అనే ఆ ఒక్కడికే పరిగెత్తడం, పాసు విసరడం, తన్నడం అన్నీ రావాలి. అతనికి సైన్యం నుంచి కబురొస్తే కథ ముగిసినట్టే. టి-ఫార్మేషన్‌లో క్వార్టర్‌బ్యాక్ సెంటర్ వెనకే ఆనుకుని నిలబడి బంతిని చేతికే అందుకుంటాడు, వెంటనే వెనక ఉన్న ముగ్గురిలో ఒకరికి ఇస్తాడు లేదా పాసు విసురుతాడు. బరువు నలుగురి మీద పడుతుంది. వారం తిరక్కుండా కొత్త కుర్రాడు జానీ లూజాక్ యాంకీ స్టేడియంలో ఆర్మీ (వెస్ట్ పాయింట్ జట్టు) మీద రెండు టచ్‌డౌన్ పాసులు వేసి, ఇంకొకటి తనే పరిగెత్తి కొట్టాడు. స్కోరు 26-0. అదీకాక, 911 గజాలతో బంతితో దేశంలో అందరికంటే ఎక్కువ పరుగు తీసిన క్రైటన్ మిల్లర్ సీజను పొడవునా అందుబాటులో ఉన్నాడు. అధిక రక్తపోటు వల్ల సైన్యం అతన్ని ముందే వదిలేసింది.

ప్ర: టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ఆ ఏడు పిల్లల జట్టు ఆడిందంటారు, నిజమేనా? (డాలస్)

జ: నిజమే. పెద్దవాళ్లంతా సైన్యానికి పోగా, కోచ్ హోమర్ నార్టన్ ఎక్కువగా 17 ఏళ్ల కుర్రాళ్లతోనే, సీజను ముగిశాక జరిగే ఆరెంజ్ బౌల్ ఆట దాకా వెళ్లాడు. అక్కడ ఎల్.ఎస్.యు. (లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం) చేతిలో 19-14తో ఓడారు. నోటర్ డేమ్ ఓడిన స్కోరూ అదే కావడం కాకతాళీయం.

ప్ర: ఇప్పుడు దాడికి వేరే, రక్షణకి వేరే ఆటగాళ్లు దిగుతారు. అదీ యుద్ధకాలంలోనే వచ్చిందా? (వరంగల్)

జ: తలుపు తెరిచింది 1941 నిబంధన. అంతకు ముందు బయటికి వెళ్లినవాడు ఆ క్వార్టర్‌లో (ఆటలోని ఆ పావు భాగంలో) తిరిగి రాకూడదు. తర్వాత ఎప్పుడైనా, ఎందరినైనా మార్చుకోవచ్చన్నారు. దాన్ని పూర్తిగా వాడుకున్నది 1945లో మిషిగన్ కోచ్ ఫ్రిట్జ్ క్రిస్లర్. దిగ్గజాల్లాంటి ఆర్మీ జట్టు ముందు తన కుర్రాళ్లు అలసిపోతారని, రెండు వేర్వేరు దళాలుగా విడదీశాడు. 28-7తో ఓడాడు గానీ పద్ధతి నిలిచింది.

ప్ర: 1943 స్కోర్లు చూసి వ్యాసం రాస్తున్నాను. ఎక్కడ పొరపడే ప్రమాదం ఉంది? (కర్నూలు)

జ: అన్నిటికంటే ముందు పేరు దగ్గర. ఐయోవా ప్రీ-ఫ్లైట్ అంటే ఐయోవా విశ్వవిద్యాలయం కాదు. అదే ఊళ్లో నావికాదళం పైలట్ల కోసం పెట్టిన బడి. ఆ రెండూ తమలో తాము ఆడాయి కూడా: ప్రీ-ఫ్లైట్ 25, ఐయోవా 0. తర్వాత తేదీ చూడండి. నవంబరు జట్టు అక్టోబరు జట్టు కాదు. బట్కోవిచ్ లాంటివాళ్లు మధ్యలోనే వెళ్లిపోయారు కాబట్టి పర్డ్యూ నవంబరు స్కోర్లను అక్టోబరు వాటితో పోల్చి బలం అంచనా వేయొద్దు. ఒకే ఆటగాడు రెండు కాలేజీల జాబితాల్లో కనిపిస్తే అచ్చుతప్పు అనుకుని కొట్టేయకండి. కోచ్‌ల విషయంలోనూ ఇంతే. మిస్సోరి కోచ్ డాన్ ఫొరో ఆ ఏడు ప్రీ-ఫ్లైట్‌కు కోచ్‌గా ఉన్నాడు, అతని జట్టు ఓడించినవాటిలో 21-6తో సాక్షాత్తు మిస్సోరీ కూడా ఉంది.