డయాలసిస్ మానేస్తేనే విశ్వాసమా?

"అక్కా, వందనాలు. మాది ఉద్దానం. నాకు 41 ఏళ్లు. పెళ్లయిన ఏడేళ్లకి నేనూ మా ఆయనా బాప్తిస్మం తీసుకున్నాం. ఆయనకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. పద్నాలుగు నెలలుగా వారానికి రెండుసార్లు డయాలసిస్. అమ్మవారిని వదిలేశారు కాబట్టే ఇలా అయిందని మా ఆడపడుచు అంటుంది. ప్రార్థనకొచ్చేవాళ్లేమో ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉందంటున్నారు. మొన్న కూటాలకి వచ్చిన బయటి ప్రసంగీకుడు ఆయన తలమీద చెయ్యి పెట్టి, స్వస్థత వచ్చేసింది, ఇంక ఆ మిషను దగ్గరికి వెళ్తే అవిశ్వాసం అన్నారు. ఈయన ఒకసారి మానేశారు. ఆ వారంలోనే అర్ధరాత్రి ఊపిరాడక 108లో తీసుకెళ్లాం. తిరిగి వెళ్లడమే నా తప్పు అని ఇప్పుడు కుమిలిపోతున్నారు. ఆ కూటాల్లోనే నేను ఆయనకి తెలియకుండా పుస్తెలతాడు తాకట్టు పెట్టి 30 వేలు విత్తన కానుక (ఇస్తే దేవుడు ఎన్నో రెట్లు తిరిగిస్తాడని చెప్పి అడిగేది) వేశాను. మా పెద్దాడు డిగ్రీ మధ్యలో ఆపేసి హైదరాబాదులో పనికి కుదిరాడు. మందిరం మాటెత్తితే ఫోను పెట్టేస్తున్నాడు. నాకు ప్రార్థన రావడం లేదు. మోకరిస్తే మాట పెగలదు. ఒక్కోసారి దేవుడా నన్ను కూడా తీసుకుపో అనిపిస్తుంది. నా విశ్వాసం చాలలేదా అక్కా?"

చెల్లెమ్మా, వందనాలు.

వచ్చే డయాలసిస్‌కి ఆయన వెళ్లాలి. మిగతావన్నీ ఆ తర్వాతే మాట్లాడుకుందాం. ఇరవై రెండేళ్లు నర్సుగా చేశాను, ఈ ఒక్క విషయంలో నాతో వాదించకండి. కిడ్నీ వడకట్టని నీరు ఎక్కడికీ పోదు. కాళ్లలో చేరుతుంది, తర్వాత ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఆ రాత్రి ఆయన పడుకోలేక లేచి కూర్చుని, నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుని ఉంటారు. నీరు చేరినవాళ్లందరూ అలాగే కొట్టుకుంటారు, పాస్టర్లయినా పూజారులయినా. దాన్ని దేవుడు వేసిన శిక్షగా ఆయన మనసులో రాసుకుంటున్నారే, ముందు అది చెరపాలి.

హిజ్కియా రాజు కథ మీకు తెలిసే ఉంటుంది. చావు దగ్గరికొచ్చి, గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థన చేశాడు. నీ ప్రార్థన విన్నాను, పదిహేనేళ్లు ఆయుష్షు ఇస్తున్నాను అని దేవుడే కబురు పంపాడు. కానీ అదే అధ్యాయం చివర్లో ప్రవక్త యెషయా ఏం చేయించాడు? పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు. దేవుడు నోటిమాటతో ఇచ్చిన స్వస్థతకే కట్టు కట్టించిన యెషయాని అవిశ్వాసి అనడానికి ఆ ప్రసంగీకుడికి ధైర్యం ఉందా? లూకా వైద్యుడు. పౌలు తిమోతికి కడుపు జబ్బుకి ఏం పుచ్చుకోవాలో ఉత్తరంలో రాశాడు. తనతో తిరిగిన త్రోఫిము రోగియై ఉంటే మిలేతు ఊళ్లో విడిచిపెట్టి వెళ్లాడు, అతని విశ్వాసం తక్కువని ఎక్కడా అనలేదు. మన తెలుగు నేల మీద అమెరికా మిషనరీ డాక్టరు అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, 1898లో ఆసుపత్రి తెరిచింది సువార్త నమ్మే. మన దేశంలో మొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడి 1971లో జరిగింది రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలోనే. వాళ్లు కూడా మోకరించినవాళ్లే.

ఇక పాపం సంగతి. మీ ఆడపడుచుదీ, ప్రార్థనకొచ్చేవాళ్లదీ ఒకటే లెక్క, గమనించారా? ఒకరు అమ్మవారి పేరు చెప్పారు, ఇంకొకరు యేసు పేరు చెప్పారు. జబ్బు వచ్చిందంటే ఎవరో ఏదో చేసి ఉండాలన్నది ఇద్దరి మాటా. మీరు ఉద్దానంలో ఉండి ఈ లెక్కని ఎలా నమ్మారు తల్లీ? కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పనిచేసే ఎన్ని ఇళ్లలో ఈ జబ్బు ఉందో మీకంటే నాకు తెలుసా? అందులో అమ్మవారి జాతర ఒక్కటి కూడా తప్పనివాళ్లున్నారు, ఆదివారం తప్పనివాళ్లున్నారు. నీళ్లని, పురుగుమందుల్ని, మండుటెండలో చేసే పనిని, నొప్పి మాత్రల్ని, అన్నిటినీ అనుమానించి పరీక్షలు చేశారు. ఇదొక్కటే కారణమని ఇంతవరకు తేల్చలేకపోయారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభించింది ఇందుకే. డాక్టర్లకి దొరకని కారణం మీ ఆడపడుచుకీ, ప్రార్థనకొచ్చేవాళ్లకీ ఒక్క పూటలో దొరికిందట.

సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోతే, వాళ్లు యెరూషలేములో అందరికంటే పాపులనుకుంటున్నారా అని యేసే అడిగాడు. పుట్టు గుడ్డివాణ్ని చూసి ఎవరి పాపమని శిష్యులడిగితే, వీడిదీ కాదు, వీడి తల్లిదండ్రులదీ కాదన్నాడు. పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబుకి స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా పక్కన కూర్చున్నంత వరకు మంచివాళ్లే. నోరు తెరిచాకే చెడ్డారు. మళ్లీ ఎవరైనా "ఒప్పుకోని పాపం" అంటే, యోబు 42వ అధ్యాయం చదివి ప్రార్థన చేయండని బైబిలు వాళ్ల చేతికే ఇవ్వండి. అక్కడ దేవుడి కోపం ఎవరిమీద మండిందో వాళ్ల నోటితోనే చదువుతారు.

ప్రార్థన రావడం లేదన్నారు. నా భర్త పోయిన ఏడాది నాకూ అంతే. ఆరాధనలో నిలబడితే పెదవి కదిలేది కాదు. పక్కన ఒక ముసలమ్మ ఉండేది, చూపు సరిగా లేదు, శ్రుతి అసలే లేదు. నా చెయ్యి పట్టుకుని నా వంతు కూడా తనే పాడేసేది. ఎందుకు పాడవని ఒక్కనాడూ అడగలేదు. మీకు మాటలు లేకపోతే 13వ కీర్తన తీయండి. "యెహోవా, ఎన్నాళ్లవరకు" అంటూ మొదలవుతుంది. అది కూడా బరువనిపిస్తే 88వది తీయండి. కీర్తనల్లో చాలావాటికి చివర కాస్త వెలుగుంటుంది, దీనికి అదీ లేదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. అలాంటి కీర్తన బైబిల్లో ఉండనిచ్చారంటే, అలా ఆగిపోయిన మనిషికి కూడా దేవుడి ఎదుట చోటుందనే నేను అర్థం చేసుకున్నాను. మీరు రాత్రి "నువ్వసలు ఉన్నావా" అని అడిగి భయపడ్డారేమో. ఎవర్ని అడిగారు? ఆయన్నే కదా.

పౌలు తన శరీరంలో ముల్లని చెప్పుకున్న బాధని తీసెయ్యమని మూడుసార్లు బతిమాలుకున్నాడు. ముల్లు పోలేదు. "నా కృప నీకు చాలును" అన్న మాట వచ్చింది. ఈ వాక్యాన్ని మనం కేలండర్ల మీద అచ్చేసుకుని గోడకి తగిలించుకుంటాం గానీ, అది "తీసెయ్యను" అని చెప్పిన జవాబని మర్చిపోతాం. మీ ఆయన బాగుపడాలని నేనూ ప్రార్థిస్తాను. కానీ ఆయన కిడ్నీలు మళ్లీ పనిచేస్తేనే మీ విశ్వాసం నిజమని ఎవరన్నా అంటే, పౌలుది కూడా ఉత్తదే అనాలి.

ఇప్పుడు ఒక మాట మెల్లిగా అడుగుతాను. ఆయన మిషను దగ్గరికి వెళ్లనన్నది విశ్వాసంతోనేనా, అలుపుతోనా? నాలుగేసి గంటలు కదలకుండా పడుకోవడం, కాళ్లు పీకడం, బీపీ పడిపోయి కళ్లు తిరగడం, ఇంటికొచ్చాక మర్నాటి దాకా మనిషి మనిషిలా లేకపోవడం, ఇవి చూశాను నేను. మగవాళ్లు "నా వల్ల కావడం లేదు" అనలేరు. "దేవుడు చూసుకుంటాడు" అనడం తేలిక. డయాలసిస్ లేని రోజు పక్కన కూర్చుని అడగండి: "విశ్వాసం మాట పక్కనబెట్టి చెప్పండి, మీకు విసుగొచ్చిందా?" అవునంటే కోప్పడకండి. ఆ మాట డాక్టరుతో చెప్పించండి. పిక్కలు పట్టేస్తున్నాయన్నా, బీపీ పడిపోతోందన్నా వాళ్లు మార్చగలిగేవి చాలా ఉంటాయి. కిడ్నీ మార్పిడికి పనికొస్తారా అని కూడా అప్పుడే అడగండి.

ముప్పై వేల సంగతి ఆయనకి చెప్పండి. డయాలసిస్ అయిన సాయంత్రం మాత్రం వద్దు. మీ సంఘ పాస్టరుగారు మంచివారని, ఆ కూటాలతో ఆయనకి సంబంధం లేదని రాశారు కాబట్టి ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకోండి. మీ ఆయన బతకాలని ఇచ్చారు, ఆశ పడినందుకు సిగ్గుపడక్కర్లేదు. ఆ ఆశని చూసి పళ్లెం జాపినవాళ్లు సిగ్గుపడాలి. కూటాలు పెట్టినవాళ్లని డబ్బు తిరిగి అడగమని పాస్టరుగారితో అనండి. వస్తుందని నేను భరోసా ఇవ్వలేను. అమ్మానాన్నలకి చెందాల్సింది "కొర్బాను" అని దేవుడి పేర పక్కకి తీసేవాళ్లని యేసు మార్కు 7లో ఎలా దులిపేశాడో చదవండి. ప్రవక్త శిష్యుడి విధవరాలి ఇంట్లో నూనె పొంగితే, అమ్మి ముందు అప్పు తీర్చమన్నాడు ఎలీషా, కానుక వెయ్యమనలేదు. తాకట్టు విడిపించేదాకా మీరు కానుక పెట్టెలో పదిరూపాయలే వేసినా దేవుడికేం తక్కువ కాదు. డయాలసిస్ చేయించుకునేవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే పింఛను మీకు వస్తోందో లేదో రాయలేదు. రాకపోతే ఆసుపత్రి కాగితాలు తీసుకుని ఈ వారమే గ్రామ సచివాలయానికి వెళ్లండి.

పెద్దాడి మీద దిగులు కాస్త తగ్గించుకోండి. చదువు మాని జీతం పంపుతున్న పిల్లాడు, తన నాన్న జబ్బుకి ఇంట్లో ఎవరి పాపమో కారణమని పెద్దవాళ్లు అంటుంటే విన్నాడు. కోపం రాకపోతే ఆశ్చర్యపోవాలి. ఆదివారం ఫోను చేసినప్పుడు మందిరానికి వెళ్లావా అనకండి. ఏం తిన్నావు, ఎక్కడ పడుకుంటున్నావు, చెప్పులు అరిగాయా అని అడగండి. ఆ ప్రసంగీకుడు అన్నది తప్పని మీ నోటితో వాడికి చెప్పండి. అది వాడు మీ దగ్గర వినాలి.

"నన్ను కూడా తీసుకుపో" అన్న మాట దగ్గరికి వస్తున్నాను. ఏలీయా కూడా బదరీ వృక్షం కింద పడుకుని ఇక చాలు, ప్రాణం తీసెయ్యమన్నాడు. దేవదూత వచ్చి గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ తినిపించాడు. ఆ ఆలోచన ఇంకోసారి వచ్చిందంటే, ముఖ్యంగా ఎలా చేసుకోవాలా అన్నదాకా పోయిందంటే, తెల్లారేదాకా ఆగకండి. 14416కి ఫోను చేయండి. టెలిమానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది, డబ్బులక్కర్లేదు, రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో ఒక్కరికైనా చెప్పి ఉంచండి, కూతురికి మాత్రం ఆ బరువు వేయకండి. పాస్టరమ్మ గారికి చెప్పండి.

చివరిగా కొబ్బరిబొండాలు. ప్రార్థనకొచ్చే అక్కలు వచ్చినప్పుడల్లా రెండేసి బొండాలు, అరటిపళ్లు తెస్తున్నారని ఉత్తరం అంచున రాశారు. మీది కొబ్బరి సీమ, వాళ్లది ప్రేమ, కాదనను. కానీ ఆయనకి అది విషమే. కొబ్బరినీళ్లలో, అరటిపండులో ఉన్న పొటాషియంని చెడిపోయిన కిడ్నీ బయటికి పంపలేదు, అది పెరిగితే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. ఎండుచేప కూడా వద్దు, ఉప్పు తింటే దాహం, తాగితే వాపు. నోరు పిడచకట్టుకుపోతుంటే చిన్న ఐసు ముక్క చప్పరించనివ్వండి, పుక్కిలించి ఉమ్మమనండి. డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి కుట్టిన ఫిస్టులా ఉన్న చేత్తో బిందె ఎత్తనివ్వకండి. రోజూ పొద్దున ఆ చోట వేళ్లు పెట్టి చూడండి, లోపల పిల్లి గురగురమన్నట్టు తెలుస్తుండాలి. ఆగిపోతే వెంటనే ఆసుపత్రికి.

ఆ అక్కలకి మొహమాటపడకుండా చెప్పండి: "బొండాలు వద్దక్కా, వచ్చే డయాలసిస్‌కి మీలో ఒకరు ఆయనతో వెళ్లి ఆ నాలుగు గంటలు కూర్చోండి." ఎవరో ఒకరు ఒప్పుకుంటారు. ఆయన ఆటో ఎక్కాక మీరు తలుపు దగ్గరకి వేసి, ఫోను కూతురికిచ్చి, పడుకోండి. వంట ఆయన వచ్చాక చూసుకోవచ్చు.