కరివేపాకు మొక్క వాడింది దాహంతో కాదు

ప్రశ్న: మేము మియాపూర్‌లో ఏడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటాం. జూలైలో మా అత్తగారు మిర్యాలగూడ నుంచి వస్తూ వాళ్ల పెరట్లోని కరివేపాకు చెట్టు పళ్లు కొన్ని తెచ్చారు. గింజలు తీసి ఐస్‌క్రీమ్ డబ్బాలో వేస్తే ఒక్కటే నిలిచింది. హాల్లో టీవీ పక్కన పెట్టాను. దీపావళి దాకా బాగానే ఉంది. ఇప్పుడు కింది ఆకులు పసుపు రంగుకు తిరిగి రాలిపోతున్నాయి, చిగురు నల్లబడింది, మొక్క తల వాల్చేసింది. రోజూ పొద్దునా సాయంత్రం వాటర్ ప్యూరిఫయర్ నుంచి వచ్చే వేస్ట్ నీళ్లు పోస్తున్నాను. మట్టి మీద చిన్న నల్ల దోమల్లాంటివి ఎగురుతున్నాయి. పుల్ల మజ్జిగ పొయ్యమని అత్తగారు, పెద్ద కుండీలోకి మార్చమని మా వాచ్‌మన్ అంటున్నారు. మిర్యాలగూడలో ఆ చెట్టున్న ఇల్లు ఈ మధ్యే అమ్మేశారు. ఈ మొక్క పోతే మళ్లీ ఆ చెట్టు మాకు దొరకదని టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?
— ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: ముందు నీళ్లు ఆపండమ్మా. మజ్జిగ, పెద్ద కుండీ, ఎరువు అన్నీ తరవాత మాట్లాడుకుందాం. మీరు రాసిన లక్షణాలన్నీ ఒకటే చెబుతున్నాయి. వేళ్లకు ఊపిరి ఆడటం లేదు. వేరుకు నీటితో పాటు గాలి కూడా కావాలి. మట్టి రేణువుల మధ్య ఉండే సందులు ఎప్పుడూ నీళ్లతో నిండి ఉంటే గాలికి చోటుండదు. సన్న వేళ్లు ముందు చచ్చిపోతాయి, తరవాత కుళ్లు పడుతుంది. చచ్చిన వేరు నీళ్లు పీల్చలేదు. అందుకే చుట్టూ తడి ఉన్నా మొక్క వాడిపోతుంది. వాడింది కదా అని మనం ఇంకో గ్లాసు పోస్తాం. ఇళ్లలో పెంచే చిన్న మొక్కలు ఎక్కువగా పోయేది ఇలాగే. డబ్బా అడుగున రంధ్రాలు ఉన్నాయో లేదో మీరు రాయలేదు. ఐస్‌క్రీమ్ డబ్బా కాబట్టి లేవనే అనుకుంటున్నాను.

ఆ నల్లటి పురుగులు దోమలు కావు, కుట్టవు. తడి ఆరని మట్టిలో గుడ్లు పెడతాయి. వాటి పిల్లపురుగులు కుళ్లిన పదార్థాన్నీ, లేత వేళ్లనూ తింటాయి. పైమట్టి ఒక అంగుళం మేర ఆరితే వాటి సంతతి ఆగిపోతుంది. స్ప్రేలు ఏమీ కొనకండి.

ఇక ప్యూరిఫయర్ నీళ్ల సంగతి. నీళ్లు వృథా చెయ్యకూడదన్న మీ ఆలోచన మంచిదే, కానీ ఆ పైపులోంచి వచ్చేవి ఉప్పులు చిక్కబడిన నీళ్లు. మంచినీళ్లలోంచి తీసేసిన లవణాలన్నీ అందులోనే ఉంటాయి. మన అపార్ట్‌మెంట్లలో చాలా చోట్ల నల్లా నీళ్లలో బోరు నీళ్లు కలుస్తాయి, బోరు నీళ్లు అసలే కఠినం. డబ్బా అంచున, మట్టి మీద తెల్లటి పెచ్చు కనిపిస్తోందా చూడండి. అది ఆ ఉప్పే. ఆ నీళ్లతో ఇల్లు తుడవండి, బాత్‌రూమ్ కడగండి. ఈ చంటి మొక్కకు మాత్రం మీరు తాగే నీళ్లే పొయ్యండి, దానికి కావలసింది అర గ్లాసు. వేసవిలో ఏసీ నుంచి కారే నీళ్లు పట్టుకున్నా మంచిదే, వాటిలో ఉప్పు దాదాపు ఉండదు.

ఇప్పుడు అసలు పని. మామూలుగా అయితే కరివేపాకును చలికాలంలో కదపవద్దనే చెబుతాను, ఫిబ్రవరి చివర్లో చిగురు వేసేటప్పుడు మార్చడం మేలు. మీ మొక్కకు అంత వ్యవధి లేదు. కుళ్లుతున్న మట్టిలో ఇంకో రెండు నెలలు ఉంచడం కంటే ఈ వారమే మార్చడం నయం.

కుండీ చిన్నది తీసుకోండి, నాలుగైదు అంగుళాలది, అడుగున రంధ్రం ఉన్నది. మట్టి కుండీ అయితే ఇంకా మంచిది, దాని గోడల్లోంచి కూడా తడి ఆరుతుంది. మీ వాచ్‌మన్ మంచి మనసుతోనే చెప్పారు కానీ, జానెడు మొక్కను పెద్ద కుండీలో పెడితే వేళ్లు అందుకోలేని మట్టి అంతా రోజుల తరబడి తడిగానే ఉండిపోతుంది. మళ్లీ అదే జబ్బు. అడుగున గులకరాళ్లు పరవమని కూడా చాలామంది చెబుతారు. దానివల్ల నీళ్లు త్వరగా దిగవు, రాళ్ల పైన ఉన్న మట్టిలోనే తడి నిలుస్తుంది, మొక్కకు ఉన్న కాస్త చోటు కూడా తగ్గుతుంది. రంధ్రం మీద ఒక పెంకు ముక్క అడ్డం పెట్టండి, చాలు.

మట్టి: రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు గరుకు ఇసుక, ఒక పాలు జల్లించిన వర్మీకంపోస్టు. ఇసుక దగ్గర జాగ్రత్త. మన ఊళ్లో ఇప్పుడు ఏ కట్టడం దగ్గర చూసినా రోబో శాండే, దాంట్లో రాతి పొడి ఉంటుంది, తడిసి ఆరితే సిమెంటులా బిగుసుకుంటుంది. అదే దొరికితే బకెట్లో వేసి, తెల్ల నీళ్లు పోయేదాకా కడిగి, మిగిలిన గరుకు వాడండి. కలిపిన మట్టిని కొంచెం తడిపి పిడికిట పట్టండి. బొటనవేలితో తాకగానే విడిపోవాలి. ముద్దగానే ఉంటే ఇంకాస్త ఇసుక కలపండి. ఎరువుల షాపులో ట్రైకోడెర్మా పొడి దొరికితే అర చెంచా కలపండి, కుళ్లు తెగుళ్లను అది అడ్డుకుంటుంది. దొరకకపోయినా ఆగకండి.

మొక్కను కాండం పట్టుకుని లాగవద్దు. కత్తెరతో డబ్బానే పక్కలకు కోసి, మట్టిగడ్డతో సహా అరచేతిలోకి తీసుకోండి. బురదగా ఉన్న మట్టిని వేళ్లతో మెల్లగా రాల్చండి. బతికున్న వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్లినది గోధుమ రంగులో జారుడుగా ఉండి, పట్టుకుంటే తోలు ఊడి లోపల దారం లాంటిది మిగులుతుంది, వాసన కూడా వస్తుంది. కుళ్లిన వాటిని శానిటైజర్‌తో తుడిచిన బ్లేడుతో కోసెయ్యండి. కరివేపాకుకు తల్లివేరు ప్రాణం, అది గట్టిగా ఉంటే దాని కొసను ముట్టుకోకండి, కుండీలో మడవకుండా నిలువుగా దింపండి. డబ్బాలో కాండం ఎంతవరకు మట్టి బయట ఉందో ఇక్కడా అంతే ఉండాలి. ఊగుతోందని లోతుగా పూడిస్తే మొదలు కుళ్లుతుంది. ఊగితే ఒక పుల్ల పాతి వదులుగా దారం కట్టండి.

నాటాక ఒక్కసారి అడుగు రంధ్రంలోంచి కారేదాకా నీళ్లు పోసి, పళ్లెంలో చేరినవి పారబొయ్యండి. తరవాత మట్టి చెప్పేదాకా పొయ్యవద్దు. ఎలా తెలుస్తుందంటే, నేను కాలిపోయిన అగరుబత్తి పుల్ల వాడతాను. దాన్ని కుండీ అంచు దగ్గర సగం లోతు దాకా గుచ్చి, కాసేపాగి తీస్తే తడి ఎంత లోతున ఉందో పుల్లే చూపిస్తుంది. మట్టి అంటుకుని వస్తే ఆగండి. పొడిగా వస్తే పొద్దున పూట నిండా పొయ్యండి, రోజూ కాస్త కాస్త చిలకరించడం మానండి. కుండీని చేత్తో ఎత్తి బరువు చూడటం కూడా అలవాటు చేసుకోండి. ఇన్ని రోజులకు ఒకసారి అని లెక్క మాత్రం నన్ను అడగవద్దు. డిసెంబరులో నాలుగైదు రోజులు ఆరని కుండీ మే నెలలో సాయంత్రానికే ఆరిపోతుంది.

టీవీ పక్కన వద్దు. వారం పది రోజులు నేరుగా ఎండ తగలని, వెలుగున్న కిటికీ దగ్గర ఉంచి, తరవాత తూర్పు ఎండలోకి జరపండి. దక్షిణం కిటికీ ఉంటే ఈ నెలల్లో అది ఇంకా మేలు. సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి ఎండ గదిలోకి బాగా వస్తుంది. అదే కిటికీ జూన్‌లో పనికిరాదు. కరివేపాకు ఎప్పటికీ హాల్లో ఉండే మొక్క కాదు, రోజుకు ఐదారు గంటల ఎండ కోరుతుంది. మార్చి నుంచి మెల్లగా బాల్కనీకి అలవాటు చెయ్యండి.

మీ అత్తగారికి నా తరఫున చెప్పండి, పెరట్లో నేలలో పాతుకున్న చెట్టుకు పుల్ల మజ్జిగ పొయ్యడం మా ఇంట్లోనూ ఉంది, ఆమె తప్పేమీ చెప్పలేదు. కాకపోతే కుండీలో, అదీ జబ్బు మొక్కకు పోస్తే మజ్జిగ అక్కడే మురిగి, ఆ నల్ల పురుగులకు మేత అవుతుంది. బాల్కనీలో మొక్క మోకాలెత్తు పెరిగాక బాగా పలచన చేసి ఆమె చేతనే పోయించండి. అప్పటిదాకా ఎరువు కూడా వద్దు, కనీసం కొత్త చిగురు వచ్చేదాకా.

ఇంకో మాట. జనవరి దాకా మొక్క కదలకుండా అలాగే ఉంటే భయపడకండి. రాత్రి చలి పదిహేను డిగ్రీలకు దిగితే కరివేపాకు పెరగడం ఆపేస్తుంది. పద్మారావునగర్‌లో మా డాబా మీది చెట్టు కూడా సంక్రాంతి దాకా మొండిగా నిలబడి ఉంటుంది. గోటితో కాండం మీద సన్నగా గీరితే లోపల ఆకుపచ్చగా ఉందంటే బతికే ఉంది. మొదలు దగ్గర మెత్తబడి గోధుమ రంగుకు తిరిగితే మాత్రం ఇక కష్టం.

అలా అయినా ఆ చెట్టు మీ చెయ్యి దాటిపోయినట్టు కాదు. కరివేపాకు వేళ్ల నుంచి చుట్టూ పిలకలు వేస్తుంది. ఇల్లు కొన్నవాళ్లను అడగండి, ఒక పిలక ఇవ్వడానికి ఎవరూ కాదనరు. వానలు పడ్డాక కొంచెం వేరుతో సహా తవ్వుకోండి. గింజ మొక్కలో తేడా రావచ్చు, పిలక మాత్రం అచ్చంగా ఆ చెట్టే. పళ్లు మళ్లీ తెచ్చుకుంటే గుజ్జు కడిగి వెంటనే వెయ్యండి, కరివేపాకు గింజ ఎండి నిలవ ఉంటే మొలవదు.

ప్రశ్న: వంటింటి కిటికీలో వేసిన టమాటా నారు సన్నగా సాగి పక్కకు వాలిపోతోంది. లోతుగా నాటితే నిలబడుతుందా?
— ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: నిలబడుతుందండీ. పైన కరివేపాకుకు వద్దన్న పని టమాటాకు మంచిది. టమాటా కాండం మట్టిలో ఎంత మేర ఉంటే అంత మేరా వేళ్లు వేస్తుంది. మొదట వచ్చిన రెండు విత్తనపు ఆకులను తుంచి, అసలు ఆకుల కింది దాకా పూడ్చండి. నారు ఎత్తేటప్పుడు ఆకు పట్టుకోండి, కాండం నలిగితే ఇక కోలుకోదు. మిర్చి నారును ఇలా పాతవద్దు. సాగిపోయింది వెలుగు చాలకే కాబట్టి, నాటాక వంటింట్లో ఉంచకుండా పొద్దుటి ఎండ పడే చోటికి మార్చండి. మట్టిని ఆనుకున్న చోట కాండం నల్లగా నొక్కుకుపోయిన మొక్కలు కనిపిస్తే వాటిని మాత్రం నాటకండి, ఆ మట్టితో సహా పారేసి మిగతావి వేరే కుండీలో పెట్టుకోండి.