మీరు అడిగారు: పీసా గోపురం కింద ఏముంది?

ప్రశ్న: పీసా గోపురం ఒరగడానికి పునాది లోతు చాలకపోవడమే కారణమంటారు. అలాంటిది ఇన్ని వందల ఏళ్లు పడిపోకుండా ఎలా నిలబడింది?
(ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: పునాది 3 మీటర్ల లోతే, నిజమే. అసలు చిక్కు మాత్రం దాని కింద ఉంది. పైన సుమారు 10 మీటర్ల మేర ఒండ్రు, ఇసుక. ఆ కింద మరో 30 మీటర్ల మందాన మెత్తటి బంకమన్ను, ఇసుక పొరలు. వాటి మీద 14,500 టన్నుల రాతికట్టడం. పునాది వ్యాసం 19.6 మీటర్లే కాబట్టి ఒక్కో చదరపు మీటరు మీద దాదాపు 50 టన్నులు పడుతోంది.

కట్టడాన్ని కాపాడింది ఆలస్యమే. 1173లో మొదలైన పని 1178లో నాలుగో అంతస్తు దగ్గర ఆగిపోయి, మళ్లీ 1272లో గాని మొదలవలేదు. ఈ 94 ఏళ్లలో బరువుకు బంకమన్నులోని నీరు మెల్లగా బయటికి పోయి మన్ను గట్టిపడింది. ఆపకుండా కట్టి ఉంటే అప్పుడే కూలేది. ఏడో అంతస్తు దగ్గర ఇంకోసారి ఆగడమూ అలాగే మేలు చేసింది.

ఒరుగుతోందని మేస్త్రీలకు తెలియక కాదు. చివర కట్టిన గంటల గదికి ఎక్కేచోట చూడండి: దక్షిణం వైపు ఆరు మెట్లు, ఉత్తరం వైపు నాలుగే. కుంగిన వైపు ఎత్తు కలిపి గదిని నిలువుకు తెచ్చారు. అందుకే గోపురం కర్రలా తిన్నగా వాలి ఉండదు, కొద్దిగా అరటిపండులా వంగి ఉంటుంది.

ప్రశ్న: ఇటీవల దాన్ని కొంత నిటారుగా చేశారట. ఎలా? పూర్తిగా ఎందుకు చేయలేదు?
(ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: ముందు చేసిన తప్పులు చెప్పాలి, పాఠమంతా వాటిలోనే ఉంది. 1838లో స్తంభాల మొదళ్లు కనబడాలని చుట్టూ మట్టి తవ్వారు. భూగర్భజలం పైకి ఉబికింది, వాలు ఒక్కసారిగా పెరిగింది. 1934లో పునాదికి వందలాది రంధ్రాలు చేసి సిమెంటు పాలు ఎక్కించారు. మళ్లీ దక్షిణానికే ఒరిగింది. 1995లో కింద కొత్త పని చేయడానికి నేలను ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించబోతే గోపురం కదలడం మొదలైంది. ఉత్తరం వైపు అప్పటికే పెట్టిన 600 టన్నుల సీసం దిమ్మెలకు తోడు ఇంకో 300 టన్నులు హడావిడిగా పేర్చాల్సి వచ్చింది. కుంగే వైపు నేలను ముట్టుకున్నప్పుడల్లా కీడే జరిగింది.

పనిచేసిన ఉపాయం దీనికి సరిగ్గా తలకిందులు: ఎత్తుగా ఉన్న ఉత్తరం వైపు మట్టి తీయడం. గొట్టాలను ఏటవాలుగా దింపి, లోపల మరలాంటి బరమాతో ఒక్కో విడతకు 15–20 లీటర్లు, అంటే ఒక బకెట్ మట్టి, బయటికి లాగారు. ఖాళీ మెల్లగా మూసుకునేది, గోపురం ఆ మేరకు ఉత్తరానికి సర్దుకునేది. కదలిక కొలిచాకే తర్వాతి బకెట్. 1999లో ప్రయోగంగా మొదలై 2001లో ముగిసేసరికి తీసిన మట్టి 38 ఘనపు మీటర్లు. వాలు దాదాపు అర డిగ్రీ తగ్గి, పైకొన 40 సెంటీమీటర్లకు పైగా వెనక్కి వచ్చింది. వానలకు ఉత్తరం వైపు నీటిమట్టం పెరిగినప్పుడల్లా గోపురం కాస్త దక్షిణానికి జరిగేది కాబట్టి, అక్కడ నీరు పోయే ఏర్పాటు కూడా చేశారు.

పూర్తిగా నిలబెడితే అది పీసా గోపురమే కాదు. పైగా వంపుతో కట్టినదాన్ని నిటారు చేయడం కుదిరే పని కాదు. గోడ లోపల రాళ్లూ సున్నమూ నింపిన గుల్ల. అదనంగా వచ్చే ఒత్తిడికి పగిలిపోతుందనే భయంతోనే 1992లో మొదటి అంతస్తు చుట్టూ ఉక్కు తాళ్లు బిగించారు. వాలు ఇప్పుడు సుమారు 4 డిగ్రీలు.

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. గోపురం ఎక్కనిస్తారా?
(ఒక పాఠకురాలు, లండన్)

జవాబు: ఎక్కనివ్వరు. ఎనిమిదేళ్లు నిండాలి. 18 లోపువారి వెంట పెద్దవాళ్లు ఉండాలి. టికెట్ మీద సమయం ఉంటుంది, ముందే తీసుకోండి. సంచులు కింద అప్పగించి వెళ్లాలి. అరిగిన పాలరాతి మెట్లు ఒక పక్కకు జారినట్టుంటాయి, బిగువైన బూట్లు వేసుకోండి.

ప్రశ్న: రామప్ప గుడి కింద ఇసుక పోశారట. ఇసుక మీద కడితే పీసాలా కుంగదా?
(ఒక విద్యార్థి, ములుగు)

జవాబు: తడి బంకమన్ను వేరు, గోతిలో బిగించిన ఇసుక వేరు. బంకమన్ను బరువుకు నీటిని ఏళ్ల తరబడి వదులుతూ కుంగుతుంది. ఇసుక సర్దుకునేదేదో కట్టేటప్పుడే సర్దుకుంటుంది, నల్లరేగడిలా వానకు ఉబ్బదు, ఎండకు బీటలివ్వదు. కాకతీయ శిల్పులు గొయ్యి తీసి ఇసుక నింపి, దాని మీద రాతి పీఠం ఎత్తారు. షరతు ఒక్కటే: ఇసుక పక్కకు జారకూడదు. గుడికి దగ్గరలో లోతైన కందకం తవ్వితే ఆ బిగువు పోతుంది. నీటిపై తేలే తేలికపాటి ఇటుకలతో శిఖరం కట్టి పైబరువూ తగ్గించారు. అయినా మండపం నేల అక్కడక్కడా అలల్లా ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఈసారి వెళ్లినప్పుడు చెప్పులు విడిచి నడుస్తారు కదా, పాదాలకే తెలుస్తుంది.