కన్నీళ్లకు గడి లేని పట్టిక

ప్రశ్న: మా అమ్మాయి సైకాలజీలో పీజీ చివరి సంవత్సరం చదువుతోంది. లైంగిక నేరాల్లో శిక్ష పడినవారు మళ్లీ అదే నేరం చేసే ప్రమాదం ఎంత ఉందో అంచనా వేసే ఉద్యోగమే చేస్తానంటోంది. అలాంటివాళ్ల మధ్య ఆడపిల్ల పని చేయడమా అని మాకు భయం. తనేమో ‘మనిషిని చూస్తే నాకు తెలిసిపోతుంది’ అంటోంది. ఏం చెప్పమంటారు?

జవాబు: అమ్మా, మీ భయం కన్నా మీ అమ్మాయి ధీమాయే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. చూడగానే తెలిసిపోతుందనుకునేవారే ఈ పనిలో ముందుగా బోల్తా పడతారు.

నిజానికి ఇందులో మనుషులకన్నా కాగితాలతో గడిపే సమయమే ఎక్కువ. పోలీసు రికార్డులు, తీర్పులు, జైలు నివేదికలు ఓపికగా చదవాలి. పురుష నేరస్థుల విషయంలో విస్తృతంగా వాడే స్టాటిక్-99 పట్టికనే చూడండి. కార్ల్ హాన్సన్, డేవిడ్ థార్న్‌టన్ 1999లో రూపొందించిన దీనిలో పది అంశాలే ఉంటాయి. గతంలో లైంగిక నేరాలు ఎన్ని, బాధితులు అపరిచితులా, ఇలాంటివి. మార్కులు పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువని లెక్క. సవరించిన రూపంలో, విడుదల నాటికి 35 ఏళ్లు నిండనివారికి ఒక మార్కు కలుస్తుంది, 60 నిండితే మూడు తగ్గుతాయి. ఎదుట కూర్చున్న మనిషి వెక్కి వెక్కి ఏడ్చి చేతులు జోడించినా, దానికి ఆ పట్టికలో గడి లేదు.

ఎందుకు లేదంటారా? హాన్సన్, బుసియేర్ 1998లో 61 అధ్యయనాలను కలిపి పరిశీలించారు. నేరం ఒప్పుకోకపోవడానికి గానీ, బాధితులపై జాలి లేకపోవడానికి గానీ మళ్లీ లైంగిక నేరం చేయడంతో సంబంధం కనిపించలేదు. వికృత లైంగిక ఆసక్తులే బలమైన సూచికగా తేలాయి. నాలుగైదేళ్లలో మళ్లీ లైంగిక నేరం చేసినట్టు నమోదైనవారు 13.4 శాతం. ఇంత తక్కువా అనిపిస్తుంది. అయితే ఇది బయటపడినవారి లెక్క. ఫిర్యాదు దాకా రాని నేరాలు ఇందులో ఉండవు.

పైగా ఆ మార్కులు ఒక గుంపు గురించే చెబుతాయి. అదే స్కోరు వచ్చిన వందమందిలో ఎందరు మళ్లీ నేరం చేయవచ్చో చెప్పగలవు, వారెవరో చెప్పలేవు. అందుకే మారే లక్షణాలను కొలిచే స్టేబుల్-2007 వంటివాటినీ పక్కన పెట్టుకుంటారు. ప్రమాదం ఉన్నదానికన్నా ఎక్కువని చెబితే ఒక మనిషి అనవసరంగా లోపల ఉండిపోవచ్చు. తక్కువ చెబితే మరొకరు బాధితులు కావచ్చు. కోర్టులో లాయరు అడిగే ప్రతి ప్రశ్నకూ ఆ రెంటి మధ్య నిలబడే జవాబివ్వాలి.

కాబట్టి క్లినికల్ శిక్షణతో పాటు గణాంకశాస్త్రం గట్టిగా నేర్చుకోమనండి. ఇది తప్పించుకుందామనుకునే విద్యార్థులే ఎక్కువ! సీనియర్ పర్యవేక్షణ లేని చోట చేరనివ్వకండి. పసిపిల్లల వాంగ్మూలాలు చదివిన రోజున మనసు బరువెక్కుతుంది, ఆ బరువు దించుకోవడానికి పక్కన ఒకరుండాలి.

ఒకే ఫైలుకు ఇద్దరు విడివిడిగా మార్కులు వేసి పోల్చి చూసుకోవడం ఈ శిక్షణలో భాగం. తన లెక్క తప్పితే మీ అమ్మాయి ముందు మాన్యువల్ తెరుస్తుందా, వాదనకు దిగుతుందా? అది మీకే బాగా తెలుసు.