సదస్సుకి వెళ్తున్న మేనకోడలికి

మద్దిలపాలెం, విశాఖపట్నం

చి. సౌమ్యకి మావయ్య ఆశీస్సులు.

మీడియా విధానాల మీద పది దేశాలవాళ్లు కూర్చునే సదస్సుకి నిన్ను పంపిస్తున్నారని మీ అమ్మ చెప్పింది. న్యూస్ డెస్క్‌లో తల నెరిసినవాణ్ణి, నాలుగు ముక్కలు చెప్పనీ.

అలాంటిచోట ఎవరైనా "మా దేశం గొంతు" అంటే, అది జనం గొంతా, సర్కారు గొంతా అని ముందు ఆరా తియ్యి. ప్రపంచంలో వార్తలు ఎవరి చేతుల్లో నడుస్తున్నాయో పరిశీలించి 1980లో ఐక్యరాజ్యసమితి సంస్థ యునెస్కోకి మెక్‌బ్రైడ్ కమిషన్ ఇచ్చిన నివేదిక చుట్టూ రేగిన గొడవంతా ఇదే. ప్రపంచ వార్తలన్నీ అసోసియేటెడ్ ప్రెస్, యునైటెడ్ ప్రెస్ ఇంటర్నేషనల్, రాయిటర్స్, ఏఎఫ్‌పీ అనే నాలుగు పాశ్చాత్య వార్తా సంస్థల గుప్పిట్లో ఉన్నాయన్న పేద దేశాల ఫిర్యాదు నిజమే. కానీ సొంత విలేకరుల నోరు నొక్కాలనుకున్న ప్రభుత్వాలూ ఆ వరసలోనే నిలబడ్డాయి. ఈ గొడవని కూడా ఒక కారణంగా చూపి అమెరికా 1984 చివర్లో యునెస్కో నుంచి తప్పుకుంది, మరుసటేడు బ్రిటన్. న్యాయమైన ఫిర్యాదు కాస్తా అటకెక్కింది.

పరాయి చట్టం బాగుందని ఎవరైనా చూపిస్తే తొందరపడకు. స్పష్టంగా చట్టవిరుద్ధమైన పోస్టుల్ని 24 గంటల్లో తీసెయ్యాలని జర్మనీ 2017లో చట్టం చేస్తే, ఆ ఏడే రష్యాలో అలాంటి బిల్లు పెట్టారు. స్వతంత్ర కోర్టులు లేనిచోట అదే వాక్యం కత్తెర అవుతుంది. అందుకే నియంత్రణ సంస్థని ఎవరు నియమిస్తారు, ఎవరు తీసెయ్యగలరు, అప్పీలు ఎక్కడ అన్నవి ముందు వెతుక్కో.

మనకి పనికొచ్చేది మాత్రం యూరప్ 2022 డిజిటల్ సర్వీసెస్ చట్టంలో ఉంది. అక్కడి ఒక్కో అధికార భాషలో పోస్టుల్ని పరిశీలించే మనుషులు ఎంతమందో పెద్ద ప్లాట్‌ఫామ్‌లు లెక్క చెప్పాలి. మన విశాఖ జనాభాలో సగం కూడా లేని మాల్టా భాషకీ ఆ లెక్క ఉంటుంది. మరి తెలుగుకి? భీమిలిలో ఎవర్నైనా కులం పేరుతో బూతులు తిడుతూ పోస్టు పెడితే, రిపోర్ట్ కొట్టి ఎదురుచూడటమే. నువ్వు పట్టుబట్టాల్సిన క్లాజు ఇదొక్కటే. నేపాల్, శ్రీలంక వాళ్లకీ ఇదే బాధ కాబట్టి టీ బ్రేకులో వాళ్ల పక్కన చేరు. కలిసి అడిగితే కొట్టెయ్యడం కష్టం.

చివరి రోజు చదివే ప్రకటన చాలావరకు ముందే రాసేసి ఉంటారు. ఆ ముసాయిదా తెప్పించుకో. స్పీచ్‌లు చప్పట్లకే పనికొస్తాయి, మార్పు కావాలంటే కాగితం మీద రాసివ్వాలి. "తగిన చర్యలు" అని కనిపించిన ప్రతిచోటా ఎవరు, ఎప్పటిలోగా అని పక్కన రాయి.

ఆ ముసాయిదా చేతికి రాగానే నాకూ వాట్సాప్ చెయ్యి.

మావయ్య