దీపపు గూటిలోని ఖాళీకి అచ్చు

ప్రశ్న: మా అమ్మమ్మ వాళ్ల పాత మిద్దిల్లు వచ్చే నెల పడగొడుతున్నారు. గోడలోని దీపపు గూటిని గుర్తుగా దాచుకోవాలనుంది. బ్రిటన్ శిల్పి రేచల్ వైట్‌రీడ్ ఏకంగా గదికే అచ్చు తీశారని చదివాను. ఇంట్లో మనం చేయగలమా? గూడు అడుగు వెడల్పు, అడుగు ఎత్తు, ఎనిమిది అంగుళాల లోతు.
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: చేయొచ్చు. 1990లో ‘ఘోస్ట్’ కోసం వైట్‌రీడ్ లండన్‌లోని ఒక గది ఖాళీని ప్లాస్టర్‌లో ముక్కలుగా పోసి, ఉక్కు చట్రానికి బిగించారు. గోడలోకి ఉండే పొయ్యి గూడు అందులో మసితో సహా బయటికి పొడుచుకొచ్చింది. 1993లో ‘హౌస్’ పేరిట ఇంటి లోపలంతా కాంక్రీటుతో పోశారు. ఆ ఏడాదే బ్రిటన్ కళారంగంలో పేరున్న టర్నర్ బహుమతి అందుకున్నారు, మహిళల్లో ఆమే మొదలు. 1994 జనవరిలో ‘హౌస్’ను కూల్చేశారు.

మీ గూటి మసి కూడా అచ్చుకు అంటాలి కాబట్టి కడగొద్దు. ఊడుతున్న సున్నం పెచ్చులు దులిపితే చాలు. మసి లేనిచోట బట్టల సబ్బు నీళ్లు ఒక్క పూత పూయండి. నూనె పూస్తే అచ్చు మీద మరకలు పడతాయి.

నిండా పోస్తే పచ్చిగా ఉన్నప్పుడు 28 కిలోలు తూగుతుంది, ఎత్తలేరు. అంగుళం మందాన డొల్లగా చేయండి. ఎనిమిది కిలోల పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్), ఐదున్నర లీటర్ల నీళ్లు పడతాయి. ఒక్కసారే కలపకండి. రెండు కిలోలకు 1.4 లీటర్ల చొప్పున, నీళ్లలోకి పొడి చల్లాలి, పొడిలో నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. రెండు నిమిషాలు నాననిచ్చి బుడగలు రాకుండా కలపండి. మజ్జిగలా ఉన్నప్పుడే కుంచెతో గోడంతా పలచగా పూయండి, గీతలన్నీ పట్టేది ఈ పూతే. తర్వాతి విడత గట్టి పెరుగులా అయ్యాక, కొబ్బరి పీచు ముంచి అద్దండి. బలానికి వెదురు బద్దలు పెట్టండి. ఇనుము పెడితే తుప్పు మరక పైకి తేలుతుంది. బొచ్చెలో పాత పెచ్చు మిగిలితే కొత్తది చేతిలోనే బిగుసుకుంటుంది, ప్రతిసారీ గీకెయ్యాలి. కడిగిన నీళ్లు తూములో పోయకండి.

అసలు చిక్కు బయటికి తీయడంలో ఉంది. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు కాస్త ఉబ్బి గోడను పట్టేస్తుంది. పైగా పాత గూళ్లు చాలావాటికి మూతి కన్నా లోపల వెడల్పు, లాగితే అంచులు విరుగుతాయి. ఎలాగూ పోయే గోడే కదా, లాగొద్దు. కూల్చేవాళ్లు పైనుంచి గూటి ఎత్తుకు దిగాక, మేస్త్రీ చేత చుట్టూ ఇటుకలు ఒక్కొక్కటే తీయించండి. పోసిన మర్నాటికి గానీ ముట్టుకోవద్దు. మన తుపాను వానల్లో అయితే ఆరడానికి వారాలు పడుతుంది, ఆరేదాకా ప్లాస్టిక్ చుట్టకండి, బూజు పడుతుంది.