చట్టం మారితే నేరం మారుతుందా?

ప్రశ్న: ఒక దేశంలో జైలుశిక్ష పడే పని మరొక దేశంలో తప్పే కాదు, నిన్నటి నేరం నేడు హక్కు అవుతోంది. అయినా హత్య, దొంగతనం ఎక్కడైనా నేరాలే కదా. నేరానికి స్థిరమైన నిర్వచనం ఉన్నట్టా, లేనట్టా? చట్టం మారితే, అంతకుముందు చేసిన పనికి శిక్ష వేయవచ్చా?
– ఒక న్యాయశాస్త్ర విద్యార్థిని

జవాబు: హత్యను, దొంగతనాన్ని నేరంగా చూడని సమాజం దాదాపు కనిపించదు. అయితే ఎవరిని చంపితే హత్య, ఎవరి సొత్తు తీసుకుంటే దొంగతనం అనే దగ్గరకు వచ్చేసరికి ఆ ఏకాభిప్రాయం నిలవదు. అమెరికాలో 1850లో చేసిన ఒక చట్టం, పారిపోయి వచ్చిన బానిసకు ఆశ్రయమిచ్చినవారికి వెయ్యి డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలుశిక్ష విధించింది. ఆ చట్టం దృష్టిలో నష్టపోయినవాడు యజమాని. బానిస అతడు పోగొట్టుకున్న సొత్తు. 1865లో బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణ సైతం, నేరానికి శిక్షగా చేయించే వెట్టిని మినహాయించింది కనుక, ఎవరిని నేరస్థుడనాలన్న ప్రశ్నకు అక్కడ బరువు మరింత పెరిగింది.

నేర నిర్వచనం మారిన చోటల్లా, హాని ఎవరికి జరిగిందనే లెక్క కూడా మారుతూ వచ్చిందని నా అభిప్రాయం. ఇంగ్లండులో 1604 నాటి చట్టం చేతబడికి మరణశిక్ష విధించేది; 1735 నాటి చట్టం దానిని రద్దు చేసి, తమకు మంత్రశక్తులున్నాయని నమ్మబలికేవారికి ఏడాది జైలుశిక్ష పెట్టింది. బోనులో నిలబడేది అదే మనిషి కావచ్చు, కానీ ఇప్పుడు ఫిర్యాదు దుష్టశక్తులతో పొత్తు గురించి కాదు, మోసపోయినవారి గురించి.

వివాహం విషయంలో ఈ లెక్క చాలా నెమ్మదిగా మారింది. సమ్మతి లేకుండా భార్యతో జరిపే లైంగికచర్యను ఇంగ్లండు న్యాయస్థానాలు 1991 వరకు సాధారణంగా అత్యాచారంగా చూడలేదు. భారతదేశంలో పాత శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, భార్యకు 18 ఏళ్లు నిండి ఉంటే భర్తకు ఆ మినహాయింపు ఇంకా ఉంది. అదే సంహిత, ఆత్మహత్యాయత్నాన్ని శిక్షించే పాత సెక్షన్‌ను వదిలేసింది. ప్రభుత్వోద్యోగిపై ఒత్తిడి తేవడానికి చేసే ఆత్మహత్యాయత్నం మాత్రం నేరంగానే మిగిలింది.

ఇక మీ రెండో ప్రశ్న. పని చేసిన నాటికి అమలులో ఉన్న చట్టాన్ని ఉల్లంఘిస్తే తప్ప ఎవరినీ దోషిగా నిర్ణయించరాదని భారత రాజ్యాంగంలోని 20(1) అధికరణ చెబుతుంది. చాలా దేశాలు ఈ సూత్రాన్నే పాటిస్తాయి. చిక్కు ఎక్కడంటే, ఇంగ్లండులో 1991 నాటి మార్పు తెచ్చింది పార్లమెంటు కాదు, న్యాయమూర్తులు. తాము ఆ పని చేసిననాటికి అది నేరమే కాదంటూ ఇద్దరు భర్తలు యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. తీర్పులు అప్పటికే ఆ దిశగా సాగుతున్నాయని, ఈ పరిణామాన్ని వారు ముందే ఊహించగలిగేవారేనని చెబుతూ ఆ న్యాయస్థానం 1995లో వారి వాదనను తోసిపుచ్చింది.